మీ ప్రశ్న - మా జవాబు: మన ఎండకు తగ్గ గ్రీన్‌హౌస్

ఇంటి మీదో పెరట్లోనో చిన్న గ్రీన్‌హౌస్ వేసుకోవాలని నల్లగొండ, పాలమూరు వైపు నుంచి చాలామంది పాఠకులు రాశారు. కొన్ని ఉత్తరాల్లో ఒకే సందేహం ఉంది. అలాంటి చోట ఒక ఉత్తరాన్నే తీసుకుని వివరంగా జవాబు ఇస్తున్నాం. పొడవు, వెడల్పులు ఎక్కువగా అడుగుల్లో, అంగుళాల్లోనే ఇచ్చాం. వెల్డింగ్ షాపులో అవే నడుస్తాయి.

మా బంగ్లా మీద 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు జాగా ఉంది. చుట్టూ, పైనా 200 మైక్రాన్ల పాలిథీన్ షీటు కప్పితే ఏడాదంతా టమాట కాస్తుందని షాపులో అన్నారు. వేయించమంటారా?
*– ఒక గృహిణి, నల్లగొండ*

వద్దమ్మా. నాలుగు వైపులా పాలిథీన్ కప్పడం చలి ఎక్కువున్న ప్రాంతాల పద్ధతి. ఎండ షీటులోంచి లోపలికి దిగి నేలను, కుండీలను, ఆకులను కాలుస్తుంది. కాగిన గాలికి మాత్రం బయటికి దారి దొరకదు. తలుపు మూసి ఉంటే బయటికంటే పది డిగ్రీలు సులువుగా పెరుగుతుంది. మే నెలలో మీ ఊళ్లో బయటే 43, 44 డిగ్రీలుంటే లోపల 50 దాటుతుంది. అంత వేడికి టమాటే కాదు, పుంటికూర కూడా వాడిపోతుంది. పోనీ చలికాలంలో పనికొస్తుందా అంటే, మన డిసెంబరు రాత్రుల చలి టమాటకు, మిరపకు సరిగ్గా సరిపోయేదే. దాన్ని ఆపాల్సిన పని లేదు.

మనకు కావలసినవి మూడే: మధ్యాహ్నపు ఎండ తగ్గాలి, తెల్లదోమ లోపలికి రాకూడదు, పెద్ద వాన ఆకుల మీద పడకూడదు. అందుకే నాలుగు వైపులా, పైకప్పుకూ 40 మెష్ (అంగుళానికి 40 కన్నాల) పురుగుల వల వేయించండి. అది ఏడాది పొడవునా ఉంటుంది. దాని మీద ఇంకో పొర కాలాన్ని బట్టి మారుతుంది. ఫిబ్రవరి ఆఖరు నుంచి మృగశిర కార్తె దాకా 50 శాతం షేడ్‌నెట్, అంటే సగం ఎండను ఆపే నీడ వల. వానలు పట్టుకున్నాక షేడ్‌నెట్ తీసి పాలిథీన్ షీటు, అదీ పైకప్పుకు మాత్రమే. పక్కలకు ఎన్నడూ వద్దు. నవంబరు వచ్చేసరికి రెండూ తీసేసి ఉత్త పురుగుల వలతోనే ఉంచండి. ఆ నాలుగు నెలల్లో మొక్కకు దొరికినంత వెలుగు దొరకాలి.

ఏడాదంతా టమాట అన్న మాట నమ్మకండి. పగలు 35, రాత్రి 24 డిగ్రీలు దాటుతూ ఉంటే పూత నిండా వచ్చినా పుప్పొడి పనిచేయదు, పూలు రాలిపోతాయి. ఎరువు వేసినా, మందు కొట్టినా ఆ పిందె నిలవదు. జూన్‌లో ఒకసారి, సెప్టెంబరు ఆఖరులో ఇంకోసారి నారు పోసుకుంటే ఆగస్టు ఆఖరు నుంచి మార్చి దాకా కాయ అందుతుంది. మార్చి ఆఖరుకు టమాట చెట్లు పీకేసి షేడ్‌నెట్ కింద పాలకూర, తోటకూర, కొత్తిమీర చల్లుకోండి. ఎండాకాలం కొత్తిమీర బజారులో ఎంత ప్రియమో మీకు తెలుసు. గ్రీన్‌హౌస్ ఆ రెండు నెలలూ దానికి కేటాయించినా దండుగ కాదు.

పైన చెప్పిన కొలతకే ఫ్రేము చేయించాలనుకుంటున్నా. ఏ పైపు, ఎంత పడుతుంది? స్లాబుకు రంధ్రాలు వేయకుండా నిలబెట్టే దారి ఉందా? పోయిన ఏప్రిల్ గాలిదుమారానికి మా పక్కింటివాళ్ల రేకులే లేచిపోయాయి.
*– ఒక ఉపాధ్యాయుడు, జడ్చర్ల*

గాలి గురించి ముందే ఆలోచించడం మంచిదైంది. చాలామంది ఎండను లెక్క వేసుకుంటారు, గాలిని మరిచిపోతారు. గంటకు 90 కిలోమీటర్ల గాలి వీస్తే చదరపు మీటరుకు సుమారు 38 కిలోల ఒత్తిడి పడుతుంది. మీ కప్పు వైశాల్యం 11 చదరపు మీటర్ల పైచిలుకు. అంటే పాలిథీన్ బిగించి ఉన్న కప్పును గాలి 420 కిలోల బలంతో పైకి లాగుతుంది. దీనికి పక్కనుంచి తోసే బలం వేరే. పది కుండీలు కాళ్లకు కట్టేస్తే ఆగేది కాదు.

స్లాబుకు రంధ్రం వేస్తే అక్కడినుంచి వాన నీళ్లు దిగి, లోపలి ఇనుము తుప్పు పడుతుంది. పిట్టగోడకు కట్టడమూ వద్దు, నాలుగు అంగుళాల ఇటుక గోడ ఆ లాగుడుకు తట్టుకోదు. కాంక్రీటు దిమ్మెలు పోయించండి: ఒక్కోటి 18 అంగుళాల పొడవు, 18 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు. బరువు 150 కిలోలు వస్తుంది. ఆరు స్తంభాలకు ఆరు దిమ్మెలు, అంటే 900 కిలోలు. అచ్చు కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిస్తే దిమ్మె స్లాబుకు అతుక్కోదు, రేపు తీయాలన్నా తీయొచ్చు. కాంక్రీటు పచ్చిగా ఉన్నప్పుడే 12 మిల్లీమీటర్ల బోల్టులు నాలుగు దించి, స్తంభం అడుగున వెల్డింగ్ చేసిన 6 అంగుళాల ఇనుప ప్లేటును వాటికి బిగించాలి. దిమ్మెలు బీముల మీదకి, వీలైతే పిల్లర్ల మీదకి వచ్చేలా చూసుకోండి. వాన నీళ్లు పోయే వాలుకు అడ్డం పెట్టకండి.

పై అంతస్తు కోసం పిల్లర్ చువ్వలు వదిలిపెట్టిన ఇళ్లలో ఇంకో సౌకర్యం ఉంది. స్తంభాన్ని ఆ చువ్వల పక్కనే నిలిపి మూడుచోట్ల క్లాంపులతో బిగిస్తే ఆ మూలకు దిమ్మె అక్కర్లేదు. చువ్వలకు వెల్డింగ్ మాత్రం చేయించొద్దు. రేపు అంతస్తు లేపేటప్పుడు ఆ కాలిన చోటే బలహీనమవుతుంది.

ఇక పైపు. స్తంభాలు ఆరు, పొడవు వైపున ఒక్కో పక్క మూడు, ఒక్కోటి 8 అడుగులు. వీటికి ఒకటిన్నర అంగుళం జీఐ (జింకు పూత ఇనుప) పైపు, 20 అడుగులవి మూడు పడతాయి. మిగిలే 4 అడుగుల ముక్కలు మూలల్లో ఏటవాలు ఆధారాలకు వస్తాయి. మిగతా ఫ్రేమంతా ఒక అంగుళం పైపు: నడిమి దూలం 10 అడుగుల ఎత్తున ఒకటి, దానికి అటూ ఇటూ వాలే మూడు జతలు, స్తంభాల తలల మీద, నడుం ఎత్తున చుట్టూ ఒక్కో వరస, తలుపు, దాని చట్రం. అన్నీ కలిపి 20 అడుగులవి పదకొండు తెచ్చుకోండి. మూలల్లో ఏటవాలు ఆధారాలు మానేస్తే పైపు ఎంత మందమైనా ఫ్రేము గాలికి పక్కకు వొరుగుతుంది. ఖర్చు తగ్గించాలంటే తలుపు సాదాగా చేయించుకోండి కానీ వీటిని వదలొద్దు.

ఎత్తు తగ్గిద్దామని కొందరు 6 అడుగులకే కప్పు దింపుతారు. వేడిగాలి పైకి పోయి చేరే జాగా లేక మొక్కల తలల మీదే నిలుస్తుంది. పక్కన 8, నడుమ 10 అడుగుల కంటే తగ్గకండి.

పురుగుల వల కప్పుకూ పక్కలకూ కలిపి 500 చదరపు అడుగులు, అతుకులకు పదో వంతు అదనంగా 550 తీసుకోండి. పాలిథీన్‌ను మేకులతో, తీగతో కట్టొద్దు. అల్యూమినియం ప్రొఫైల్ పట్టీలో జిగ్‌జాగ్ స్ప్రింగుతో బిగించాలి. గాలిదుమారం వస్తోందని తెలిస్తే పది నిమిషాల్లో తీసేయొచ్చు. షీటు తగిలే చోట పైపులకు తెల్ల రంగు వేయించండి. ఎండకు కాగే పైపు మీద షీటు ముందుగా పెళుసెక్కి చిరిగేది ఆ గీత వెంటే. పీవీసీ పైపులతో కమానులు చేసుకునేవాళ్లు షీటుకు పైపుకు మధ్య గుడ్డ టేపు చుట్టండి. పీవీసీ తగిలిన చోట పాలిథీన్ షీటు ఆయుష్షు తగ్గుతుంది.

మా డాబా అంత బరువు మోస్తుందా? ఎన్ని కుండీలు పెట్టుకోవచ్చు? మట్టి మిశ్రమం లెక్క కూడా చెప్పండి. మా దగ్గర రైసు మిల్లుల ఊక, బూడిద కావలసినంత దొరుకుతాయి.
*– ఒక పాఠకుడు, మిర్యాలగూడ*

జనం తిరిగే కప్పులకు చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువు లెక్కవేయాలని భవనాల బరువులకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెబుతుంది. అంటే చదరపు అడుగుకు దాదాపు 14 కిలోలు. ఒక అడుగు ఎత్తున తడి మట్టి నింపితే అదే చదరపు అడుగు మీద 50 కిలోలు పడుతుంది. కాబట్టి స్లాబు మీద ఇటుకలు పేర్చి మట్టి నింపే మడులు కట్టించుకోవద్దు. బండల కప్పు, రేకుల కప్పు ఉన్న పాత ఇళ్ల మీద ఈ పనే వద్దు. పదిహేను, ఇరవై ఏళ్ల కిందటి స్లాబైతే ముందు ఒక ఇంజనీరుకు చూపించండి.

12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల ఎత్తు గ్రోబ్యాగును 10 అంగుళాల దాకా నింపితే 18 లీటర్ల మిశ్రమం పడుతుంది. ఉత్త ఎర్రమట్టైతే తడిసినప్పుడు 32, 33 కిలోలు తూగుతుంది, తేలిక మిశ్రమమైతే 18, 19 కిలోలు. 120 చదరపు అడుగుల్లో 30 బ్యాగులు పెట్టుకోండి. అన్నీ కలిపి 560 కిలోలు, ఫ్రేముకు ఇంకో 200, లోపల తిరిగే ఇద్దరు మనుషులు. లెక్కలో సగం దగ్గరే ఉంటారు. పైన చెప్పిన 900 కిలోల కాంక్రీటు దిమ్మెలు ఇందులో కలపలేదు, అందుకే అవి బీముల మీద, పిల్లర్ల మీదే ఉండాలి. బ్యాగుల్ని గోడల వెంట బీముల మీదుగా రెండు వరసలు, నడుమ దారి. కింద ఇటుక ముక్కలు పెట్టి రెండు అంగుళాలు లేపితే స్లాబు ఆరుతుంది, చీమలు చేరవు.

30 బ్యాగులకు 540 లీటర్ల మిశ్రమం కావాలి. కొబ్బరి పొట్టు 5 కిలోల ఇటుకలు మూడు (నానితే ఒక్కోటి 70 లీటర్ల పైన అవుతుంది), బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు 160 లీటర్లు, జల్లించిన ఎర్రమట్టి 110 లీటర్లు, నల్లగా కాల్చిన ఊక 50 లీటర్లు. బ్యాగుకు 100 గ్రాముల చొప్పున 3 కిలోల వేపపిండి. కొబ్బరి పొట్టును నానబెట్టిన నీళ్లు పారబోసి మళ్లీ మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. కడగని పొట్టులో ఉప్పు ఉంటుంది, నాటిన వారానికే ఆకుల అంచులు మాడుతాయి.

ఊక విషయంలో రెండు జాగ్రత్తలు. పచ్చి ఊక కలిపితే అది కుళ్లేందుకు మట్టిలోని నత్రజనిని లాక్కుంటుంది, మొక్కలు పసుపుబారి కూర్చుంటాయి. మిల్లు బాయిలర్‌లో పూర్తిగా కాలి తెల్లబడిన బూడిద క్షారం. మన నీళ్లు అసలే క్షారం. కాబట్టి నల్లగా ఉన్న ఊక బొగ్గునే, అదీ పదో వంతు దాటకుండా వాడండి.

షేడ్‌నెట్ ఎంత శాతంది తీసుకోవాలి? ఆకుపచ్చదా, తెల్లదా, నల్లదా?
*– కల్వకుర్తి*

కూరగాయలకు 50 శాతం. ఆర్కిడ్లు, ఆంథూరియం వంటి నీడ మొక్కలకు 75. కూరగాయల మీద 75 శాతం వేస్తే తీగలు సాగుతాయి కానీ పూత రాదు. రంగుల్లో తెల్లది మంచిది, ఎండను వెనక్కి తిప్పుతుంది. నల్లదైనా ఫరవాలేదు, మొక్కలకు బాగా పైన ఉండాలి. నర్సరీల్లో అంతటా కనిపించే ఆకుపచ్చ వల మొక్కకు పనికొచ్చే వెలుగును కొంత తానే మింగుతుంది, అది చివరి ఎంపిక. రంగుకంటే ముఖ్యమైనది, వల కప్పుకు బయట ఉండాలి. లోపల కడితే వేడి లోపలికి వచ్చాక ఆపినట్టు. పట్టీలతో అల్లినదాని కంటే గుండ్రటి దారంతో అల్లిన వల ఎక్కువకాలం వస్తుంది. అంచును రెండు మడతలు వేసి లోపలినుంచి తీగ దూర్చి బిగించండి. ఉత్త కన్నాలకు సుతిలి కడితే మొదటి గాలికే చిరుగుతుంది.

మన దగ్గర మే మొదటి పక్షంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తిమీద ఉంటాడు, అందుకే కప్పు నీడ అంత అవసరం. సాయంత్రపు ఎండ మాత్రం పడమటి వైపు నుంచి తిన్నగా కొడుతుంది. మార్చి నుంచి ఆ వైపున ఇంకో 50 శాతం వల వేలాడదీయండి. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి బాగా వాలుతాడు. దక్షిణాన 10 అడుగుల గోడ ఉంటే మధ్యాహ్నం కూడా ఎనిమిదిన్నర అడుగుల దాకా నీడ పడుతుంది. చోటు ఎంచుకునేటప్పుడు అది చూసుకోండి.

మాది బోరు నీళ్లు. కుండీల అంచున తెల్లగా పొర కడుతోంది. టమాట, మిరప చిగుళ్లు పసుపుపచ్చగా వస్తున్నాయి, ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి. యూరియా నీళ్లు పోశాను, మార్పు లేదు. ఫ్లోరైడ్ వల్లనా?
*– మునుగోడు దగ్గరి ఒక ఊరి నుంచి*

మీరు చెప్పిన గుర్తు ఫ్లోరైడ్‌ది కాదు, ఇనుపధాతువు లోపానిది. నత్రజని తక్కువైతే ముదురు ఆకులు ఈనెలతో సహా పసుపుబారుతాయి. మెగ్నీషియం తక్కువైతే ముదురు ఆకుల్లో ఈనెలు పచ్చగా మిగులుతాయి. చిగురాకుల్లోనే ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం పాలిపోతే ఇనుము అందడం లేదన్నమాట. అందుకే యూరియా పనిచేయలేదు. ఇక ఆపేయండి.

మట్టిలో ఇనుము ఉంటుంది. మన గట్టి నీళ్లలో బైకార్బొనేట్లు ఎక్కువ. రోజూ పోస్తుంటే కుండీలో క్షారం పెరుగుతుంది, ఆ క్షారంలో ఇనుము కరగదు, వేరు తీసుకోలేదు. పెద్ద పొలంలో భూమి కొంత తట్టుకుంటుంది. పద్దెనిమిది లీటర్ల బ్యాగులో రెండు నెలలకే తేడా తెలిసిపోతుంది.

ముందు ఆకులకు మందు. లీటరు నీటిలో 1 గ్రాము నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి, ఆ తర్వాతే 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) కలపండి. వరస తిప్పితే బోరు నీళ్లలో అన్నభేది తుప్పు రంగుకు మారి అడుక్కి దిగుతుంది, అది ఆకుకు పట్టదు. కలిపిన వెంటనే, సాయంత్రం పూట పిచికారీ చేయాలి. వారం పది రోజులకు ఇంకోసారి. తర్వాత వచ్చే చిగురు పచ్చగా వస్తే రోగం సరిగ్గా పట్టుకున్నట్టే. పాత ఆకులు పూర్తిగా తిరుగుతాయని చూడకండి.

తర్వాత నీళ్లు. 10 లీటర్లకు 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, క్షారం ఎంతుందో చూపే పీహెచ్ కాగితంతో చూడండి. 6.5 దగ్గరికి వచ్చేదాకా అర గ్రాము చొప్పున పెంచి ఆ లెక్క రాసిపెట్టుకోండి. బోరు బోరుకూ ఇది మారుతుంది కాబట్టి పక్కింటి లెక్క మీకు పనికిరాదు. తెల్ల పొర ఉన్న పై అరంగుళం మట్టి గీకి పారేయండి. మూడు వారాలకోసారి అడుగు రంధ్రాల్లోంచి పోసినదాంట్లో అయిదో వంతు కారేదాకా నీళ్లు పెట్టండి, పేరుకున్న ఉప్పు దాంతో దిగుతుంది. ఒకసారి నీళ్లు పరీక్ష చేయించుకోవడం అన్నిటికంటే మేలు. కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. పాలమూరు వైపువాళ్లకు పాలెం దగ్గర.

ఫ్లోరైడ్ సంగతి: స్పైడర్ ప్లాంటు, డ్రసీనా, లిల్లీ, గ్లాడియోలస్ వంటి వాటికి ఆకుల కొనలు గోధుమరంగుకు మాడుతాయి. వాటికి మిషన్ భగీరథ కుళాయి నీళ్లో వాన నీళ్లో పోయండి. వానాకాలం మీ గ్రీన్‌హౌస్ పాలిథీన్ కప్పు అంచున ఒక పీవీసీ దోనె కట్టి డ్రమ్ములోకి దింపితే ఒక సెంటీమీటరు వానకు 100 లీటర్లకు పైగా వస్తాయి. ఆ నీటిని నారుకు, ఇలాంటి మొక్కలకు దాచుకోండి.

ఇంటి ట్యాంకు నుంచి డ్రిప్పు పెట్టాను. మొదటి పది కుండీలకు బాగానే వస్తోంది, చివరివాటికి చుక్క పడడం లేదు. డ్రిప్పర్లు ఖరీదైనవే, ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం.
*– వనపర్తి*

తప్పు ఆ ఖరీదైన డ్రిప్పర్లలోనే ఉంది. అవి మోటారు ఒత్తిడి కోసం చేసినవి, ఒత్తిడి అర బార్‌కంటే (బార్ అంటే ఒత్తిడి కొలత) తక్కువుంటే సరిగ్గా తెరుచుకోవు. ట్యాంకు అడుగు మీ కుండీలకు 6 అడుగుల పైనుంటే వచ్చేది 0.18 బారే. వాటిని తీసేసి మామూలు బటన్ డ్రిప్పర్లు, విప్పి కడుక్కునే రకం, గంటకు 8 లీటర్లవి పెట్టండి. మీ ఒత్తిడికి అవి గంటకు మూడు, మూడున్నర లీటర్లు ఇస్తాయి. 16 మిల్లీమీటర్ల పైపును కుండీల చుట్టూ తిప్పి రెండో కొసను కూడా మొదటి పైపుకే కలిపితే నీళ్లు రెండు వైపుల నుంచీ వచ్చి చివర అన్నది ఉండదు. పైపు ఎక్కడా పైకి లేచి దిగకూడదు, ఆ వంపులో గాలి చిక్కుకుంటుంది.

ట్యాంకు దగ్గర 120 మెష్ జాలీ ఫిల్టరు, ఒక అంగుళంది పెట్టండి. చిన్నది పెడితే ఉన్న కాస్త ఒత్తిడిని అదే తినేస్తుంది. వారానికోసారి కడగాలి. డ్రిప్పర్లకు తెల్ల పొర పడితే లీటరుకు 20 గ్రాముల నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. ఎన్ని నిమిషాలు తిప్పాలో ఊహించొద్దు. ఒక డ్రిప్పర్ కింద లీటరు పట్టే గిన్నె పెట్టి పావుగంట పట్టి, నాలుగుతో హెచ్చిస్తే గంటకు ఎంతో తెలుస్తుంది. టమాట బ్యాగుకు చలికాలం రోజుకు లీటరు, మార్చిలో రెండు లీటర్లు. ఎండాకాలం ఆకుకూరలకు అదే నీటిని పొద్దున సగం, సాయంత్రం సగం.

కోతుల బాధకు గ్రీన్‌హౌస్ వేద్దామనుకుంటున్నాం. షేడ్‌నెట్ ఆపుతుందా?
*– అచ్చంపేట*

ఆపదు. చేత్తో పట్టి గుంజితే నిమిషంలో చిరుగుతుంది. కోతులున్న ఊళ్లో ఫ్రేముకు బయట కప్పుతో సహా రెండంగుళాల కన్నాల వెల్డెడ్ జాలి వేసి, పురుగుల వలను దానికి ఆరంగుళాలు లోపలికి కట్టాలి. చెయ్యి దూర్చినా వల అందదు. కప్పు మీద అవి ఎక్కి గెంతుతాయి కాబట్టి వాలు పైపులు 6 అడుగులకు కాదు, 4 అడుగులకు ఒకటి ఉండాలి. తలుపుకు సాదా గడియ చాలదు, అవి తీయడం నేర్చుకుంటాయి. తాళం వేయండి. ఖర్చు దాదాపు రెట్టింపవుతుందని తెలిసే చెబుతున్నాం. జాలి లేకుండా మొదలుపెడితే మొదటి కీరా కాయకే వల మొత్తం పోతుంది.

వల లోపల బీర, సొర బాగా పాకాయి. ఆడపూలు పసుపుబారి రాలిపోతున్నాయి. బయట అవే విత్తనాలు కాస్తున్నాయి.
*– ఒక గృహిణి, దేవరకొండ*

పురుగుల వల తెల్లదోమతో పాటు తేనెటీగలనూ ఆపేసింది. ఇక ఆ పని మీ చేత్తో చేయాలి. బీర, సొర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, దీపాలు పెట్టే వేళకు వెళ్లండి. కాకర, దోస పొద్దున్నే విచ్చుకుంటాయి, ఎనిమిది తొమ్మిది లోపు చేయాలి. ఆడపువ్వు వెనక వేలంత పిందె ఉంటుంది, మగపువ్వుకు ఉత్త కాడే. అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు వెనక్కి తీసి, నడిమి పుప్పొడిని ఆడపువ్వు లోపలి ముద్దకు మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపూలకు సరిపోతుంది. పట్టిందీ లేనిదీ మూడో రోజుకు పిందె చూస్తే తెలుస్తుంది.

కీరాకు మాత్రం ఈ బాధ లేకుండా చేసుకోవచ్చు. పరాగసంపర్కం లేకుండానే కాసే పాలీహౌస్ రకాలున్నాయి, విత్తనం కొనేటప్పుడు అడగండి. టమాట, మిరపకు తమ పుప్పొడి తమకే చాలు, కానీ వల లోపల గాలి ఆడదు. రోజు విడిచి రోజు, పొద్దున పది గంటల ప్రాంతంలో ఊత తాడును వేలితో నాలుగుసార్లు మీటండి. వల మీద దుమ్ము పేరుకుంటే గాలి ఇంకా తగ్గుతుంది. నెలకోసారి బయటినుంచి పైపుతో కడగండి.

ఏప్రిల్‌లో వంగ, చిక్కుడు ఆకుల మీద సన్నని తెల్ల చుక్కలు, అడుగున సాలెగూడు లాంటిది. గంధకం కొట్టమన్నారు.
*– నారాయణపేట*

ఎర్రనల్లి. పొడి వేడిలో వారంలోనే పిల్లలు పెడుతుంది. నీడ వల కింద నీళ్లు మొదళ్లకే పోస్తాం కాబట్టి ఆకు అడుగున దానికి అడ్డులేదు. గంధకం దానికి మందే. లీటరుకు 3 గ్రాములు. కానీ ఏప్రిల్ ఎండలో కాదు. 32 డిగ్రీలు దాటితే ఆకులు మాడుతాయి, దోస జాతి మరీ సున్నితం. పాలిథీన్ షీటును కూడా గంధకం చెడగొడుతుంది. ముందు బాగా పట్టిన కింది ఆకులు కోసి సంచిలో కట్టి బయట పారేయండి. మూడు రోజులకోసారి, మూడుసార్లు, పొద్దున్నే సన్నని ధారతో ఆకు అడుగు భాగం కడగండి. తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బు కలిపి సాయంత్రం కొట్టండి. గంధకం కొట్టి ఉంటే మూడు వారాల దాకా నూనె జోలికి పోవద్దు. దొరికిన పురుగుమందల్లా కొడితే నల్లిని తినే పురుగులు ముందు చస్తాయి, నల్లి రెట్టింపవుతుంది.

పడమటి వైపు తడి గోనె సంచులు వేలాడదీస్తే మన పొడిగాలిలో చల్లదనం, తేమ రెండూ వస్తాయి. నల్లికి అది గిట్టదు. వానాకాలం మాత్రం తీసేయండి, తేమ ఎక్కువైతే బూడిద తెగులు వస్తుంది.

ప్రోట్రేలో (నారు పోసే గుంతల ట్రేలో) టమాట నారు సన్నగా సాగి మొదలు దగ్గర పడిపోతోంది.
*– గద్వాల*

రెండూ కలిసొచ్చాయి. సాగడం వెలుగు చాలక, పడిపోవడం నారుకుళ్లు వల్ల. మొలక కనిపించిన రోజే ట్రే మీది కప్పు తీసేసి వెలుగులోకి మార్చాలి, ఒక్క రోజు ఆలస్యమైనా కాడ సాగుతుంది. విత్తనం అర సెంటీమీటరు లోతు చాలు. నీళ్లు పొద్దున ఒక్కసారే, సాయంత్రానికి పైపొర ఆరాలి. కుళ్లు మొదలైతే లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపండి. పడిపోయిన మొక్కలు లేవవు, పక్కవాటిని కాపాడుకోవడానికే ఇది. 98 గుంతల ట్రేకు కడిగిన కొబ్బరి పొట్టు కిలోంబావు పడుతుంది, పాత పొట్టు మళ్లీ వాడకండి. టమాట 25 రోజులకు, మిరప 35 నుంచి 40 రోజులకు నాటుకు వస్తుంది. చివరి అయిదారు రోజులు నీళ్లు తగ్గించి, నీడ లేకుండా ఉంచి నాటండి.